తీపి తగిలినాదేటి?

మా మిల్లులో మల్లేశు మావని ఉత్త పేరుతో పిలిచేవాళ్ళు తక్కువ. బెంగాలీవాళ్ళు మిష్టి మల్లేశ్ అనేవారు. బీహారువాళ్ళు మీఠా మిస్త్రీ అనేవారు. రెండు పేర్లలోనూ ఉన్నది తీపే. మనిషి మాత్రం తన జన్మలో ఎవరితోనూ తియ్యగా మాట్లాడి ఎరగడు. పొద్దున్న పలకరిస్తే సాయంత్రానికి జవాబిచ్చే రకం. ఆ పేరు అతని నోటిని బట్టి వచ్చింది కాదు, చేతిలో ఉండే పిచికారీని బట్టి వచ్చింది.

కలకత్తాలో ఏక్‌బాల్‌పూర్ దాటి కాలువ వెంట నడిస్తే మా రాతిపొడి మిల్లు వచ్చేది. ఇప్పుడు లేదు, ఆ స్థలంలో ఫ్లాట్లు లేచాయి. తెల్లరాయిని లారీల్లో తెచ్చి, నలగ్గొట్టి, మైదాపిండికన్నా మెత్తగా చేసి, సంచుల్లో నింపి, గాజు ఫ్యాక్టరీలకీ ఉక్కు కొలుములకీ పంపేవారు. నేను అక్కడ టైంకీపరుని. మా నాన్నది లిలువా రైల్వే వర్క్‌షాపు. అక్కడి తెలుగు బడిలో నేర్చుకున్న అక్షరాలు మిల్లులో నాకు ఒక్కనాడూ పనికిరాలేదు. ఇన్నాళ్ళకి మల్లేశు మావ గురించి రాయడానికి పనికొస్తున్నాయి.

ఎర్రజెండా ప్రభుత్వం వచ్చి అప్పటికి ఇరవై ఏళ్ళు దాటింది. మా గేటు మీద జెండా ఉండేది, గేటు ముందు మీటింగు ఉండేది, బంద్ నాడు గేటుకి తాళం ఉండేది. లోపలి దుమ్ముకి మాత్రం ఏ పార్టీ లేదు. అందరి మీదా సమానంగా పడేది. కొబ్బరినూనె రాసుకుని వచ్చినవాడు మధ్యాహ్నానికి ముసలివాడైపోయేవాడు.

మల్లేశు మావ పుట్టింది వాట్‌గంజ్‌లోనే. తండ్రి శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి కార్పొరేషన్‌లో మురుగు కాలువలు తీసే పని చేశాడు. కొడుకు ఓడరేవు డాకుల్లో ఓడల అడుగులు ఊడ్చి, ఆ పని పోయాక మా మిల్లులో చేరాడు. అతనితోపాటు పెళ్ళాం అప్పలకొండమ్మ, ఆమె అన్న గవరయ్య కూడా వచ్చారు. గవరయ్య పొడి నింపే షెడ్డులో పనిచేసేవాడు. మూతికి గంఛా తువ్వాలు చుట్టుకుని నింపేవాడు. కొన్నేళ్ళకి నాలుగు మెట్లెక్కితే అక్కడే కూర్చుండిపోవడం మొదలుపెట్టాడు. ఆసుపత్రిలో టీబీ అన్నారు, టీబీ మాత్రలిచ్చారు. మాత్రలు అయిపోయాయి, గవరయ్యా అయిపోయాడు. షెడ్డులో అతని చోట మర్నాడే ఇంకొకడు నిలబడ్డాడు. నేనే హాజరు వేశాను.

ఆ తరవాత కొంతకాలానికి మా సరుకు కొనే విదేశీ కంపెనీవాళ్ళు ఒక మాటన్నారు. పనివాళ్ళకి రబ్బరు మాస్కులు పెట్టాలి, పెట్టిన మాస్కు ముఖానికి సరిగ్గా పట్టిందో లేదో నెలనెలా పరీక్ష చెయ్యాలి, చెయ్యకపోతే సరుకు తీసుకోము అన్నారు. వాళ్ళకి మా ఊపిరితిత్తుల మీద అంత ప్రేమ ఎందుకు పుట్టిందో నాకు తెలియదు. మొత్తానికి మాస్కులు వచ్చాయి. ముందుకు పొడుచుకువచ్చిన మూతి, దాని కొసన గుండ్రటి వడపోత డబ్బా, తలవెనక్కి రెండు పట్టీలు. మొదటిరోజే వాటికి పంది మూతులని పేరు పడిపోయింది.

పరీక్ష చేసే పని ఎవరికీ అక్కర్లేకపోయింది. షెడ్డులో పనిచేస్తే దుమ్ము భత్యం వస్తుంది, మాస్కు గదిలో కూర్చుంటే రాదు. మల్లేశు మావ కూడా తల అడ్డంగానే ఊపాడు. ఆ మర్నాడు అప్పలకొండమ్మ అత్త మొగుణ్ణి నా హాజరు కిటికీ దగ్గరికి తీసుకొచ్చి నిలబెట్టింది.

"ఎంకటేసూ, ఈ మనిసి పేరు ఆ మాస్కుల పనికి రాసీ. మా అన్నని తినీసినాది ఆ దుమ్ము. ఇంకొకడిని తినకుండా ఈయనే సూసుకుంటాడు."

మావ నేల చూశాడు. కాదనలేదు. ఆ ఇంట్లో ఆమె మాటకి ఎదురు ఉండేది కాదు, గవరయ్య పోయాక అసలే లేదు.

పరీక్ష వినడానికి పిల్లలాటలా ఉంటుంది. మనిషికి మాస్కు పెట్టి, తలమీదుగా ఒక పారదర్శకమైన ముసుగు వేస్తారు. ముసుగుకి ముందు చిన్న చిల్లు. అందులోంచి సాకరిన్ కలిపిన నీళ్ళు పొగమంచులా కొడతారు. లోపలి మనిషి గట్టిగా ఊపిరి పీలుస్తూ, తల అటూ ఇటూ తిప్పుతూ, ఏదో ఒకటి మాట్లాడుతూ ఉండాలి. మాస్కు సరిగ్గా పడితే ఏమీ తెలియదు. ఎక్కడైనా సందుంటే ఆ మంచు లోపలికి దూరి నాలుకకి తియ్యగా తగులుతుంది. తీపి దూరిన చోట దుమ్మూ దూరుతుంది. అంతే సంగతి.

మాట్లాడమంటే మావాళ్ళకి ఏం మాట్లాడాలో తోచేది కాదు. అందుకని మావ ఒక ఉపాయం చేశాడు. ఎవరి ఊరికి వెళ్ళే రైలు స్టేషన్లు వాళ్ళని చెప్పమనేవాడు. ఛప్రావాడు ఛప్రా దాకా చెప్పేవాడు. షెడ్డులోని మన తెలుగు ఆడవాళ్ళు హౌరా నుంచి బయలుదేరి ఖరగ్‌పూర్, బాలాసోర్, భద్రక్, కటక్, ఖుర్దారోడ్, బరంపురం, ఇచ్ఛాపురం, సోంపేట మీదుగా పలాసలో దిగేవారు.

పరీక్ష నేర్పడానికి వచ్చినాయన ఇంకో సంగతి కూడా చెప్పాడు. అన్నిటికన్నా ముందు మాస్కు లేకుండా, పలచటి నీళ్ళు ఉత్త ముఖానికి కొట్టి, ఆ మనిషికి తీపి తెలుస్తోందో లేదో చూడాలన్నాడు. పలచటి సీసా అయిపోయాక మేనేజరు బాబు మళ్ళీ తెప్పించలేదు. తీపి తెలియని నాలుక ఎక్కడైనా ఉంటుందా అన్నాడు. మావకి అది సబబుగానే తోచింది. నిజం చెప్పొద్దూ, నాకూ తోచింది. పాలు తాగే పిల్లకి కూడా తెలిసేది అదొక్కటే కదా.

తీపి తగిలిందన్నవాడికి మావ పట్టీలు బిగించేవాడు, ఇంకో మాస్కు మార్చేవాడు. ఏదీ పట్టకపోతే ఆ మనిషిని షెడ్డులోకి పంపేవాడు కాదు, బయట వసారాలో గోతాలు కుట్టడానికి పంపేవాడు. అక్కడ భత్యం లేదు. దీంతో రెండో వారానికే మిల్లు మొత్తానికి తెలివి వచ్చేసింది. ఎవర్ని అడిగినా తీపి తగల్లేదనేవారు. లోపల పంచదార పాకం కారుతున్నా తగల్లేదనేవారు. కూడు పోతుందంటే నిజం ఎవడు చెబుతాడు?

అప్పుడు మావ అడగడం మానేసి చూడడం మొదలుపెట్టాడు. నోటికి తీపి తగిలితే లాలాజలం ఊరుతుంది. ఊరితే మింగాలి. నోటితో అబద్ధం చెప్పొచ్చు గాని గొంతుతో చెప్పలేరు. ముసుగు వేసి, మంచు కొట్టి, స్టేషన్లు చెప్పమని, అతను మనిషి కళ్ళలోకి కాక గొంతు వైపు చూసేవాడు. గుటక పడిందా, వసారాకి పో. కొందరు బీహారువాళ్ళు ఖైనీ పొగాకు దవడన నొక్కుకుని వచ్చి నాలుక మొద్దుబారాక కూర్చునేవారు. మావ వాళ్ళని కుళాయి దగ్గరికి తోలి పుక్కిలించి రమ్మనేవాడు. వాళ్ళు తిట్టుకుంటూ పుక్కిలించేవారు.

తిట్లు అతనికి అలవాటైపోయాయి. యూనియన్ నాయకుడు శ్యామసుందర్, అందరూ శ్యామ్‌దా అనేవారు, ఒకరోజు మాస్కు గదికి వచ్చి నిలదీశాడు.

"మల్లేశ్, నువ్వు మాలికు మనిషివా, మన మనిషివా?" అన్నాడు బెంగాలీలో.

"నేను వీళ్ళ ముక్కుల మనిషిని దాదా," అని తన డాకుల బెంగాలీలో జవాబిచ్చి, మావ ముసుగు తుడుచుకోవడంలో పడ్డాడు.

సాయంత్రం నా కిటికీ దగ్గర మట్టి ముంతలో టీ తాగుతూ మాత్రం నీరసపడిపోయేవాడు. "ఎంకటేసూ, ఈల్ల పేనం ఈల్లకి అక్కర్నేదు. నాకెందుకురా?" అనేవాడు. పొద్దున్నే మళ్ళీ వచ్చి పిచికారీ నింపుకునేవాడు.

ఆ పనిలో అతనికి ఉన్న సుఖం ఒక్కటే. మన ఆడవాళ్ళు. షెడ్డులో అప్పలకొండమ్మ అత్త, పున్నమ్మ, అమ్మన్నమ్మ, వాట్‌గంజ్ నుంచి వచ్చే ఇంకొందరు తెలుగువాళ్ళు పనిచేసేవారు. వాళ్ళలో ఒక్కరికీ ఏనాడూ గుటక పడలేదు. అత్తయితే మరీను. ముసుగులో కూర్చుని పలాస దాకా గడగడా చెప్పేసి, "తీపి తగిలినాదేటి?" అంటే "నేదు" అని లేచిపోయేది. గొంతు రాయిలా ఉండేది.

"సూసినావా," అనేవాడు మావ నాతో, తన జన్మలో మొదటిసారి నవ్వుతున్నట్టు. "మన ఆడోల్ల మొకాలు ఈ మాస్కు కోసవే సేసినాడు దేవుడు."

మగవాళ్ళు గొణిగేవారు. మిష్టి మల్లేశ్ సొంతవాళ్ళని పాస్ చేసుకుంటున్నాడనేవారు. ఆ అభాండం మాత్రం అతనికి నిజంగా నొప్పి పెట్టేది. ఎందుకంటే పెళ్ళాం గొంతుని అందరి గొంతుకన్నా ఎక్కువసేపు చూసేవాడు. నేను కిటికీలోంచి చూస్తూనే ఉండేవాణ్ణి. ఆమె నిజం చెప్పేది. ఆ పరీక్షలో అబద్ధం ఆడనివాళ్ళు ఎవరైనా ఉంటే ఆ ఆడవాళ్ళే.

అప్పలకొండమ్మ అత్త పొట్టిగా, బక్కగా, ముక్కుకి రెండువైపులా పుడకలతో ఉండేది. గొంతు మాత్రం ట్రాం గంటలా మోగేది. ఇంటికి వెళ్ళగానే వాట్‌గంజ్ సందులో గుమ్మం ముందు కూర్చుని చుట్ట వెలిగించేది. వెలిగించి, నిప్పున్న కొసని నోట్లోకి పెట్టుకునేది. అడ్డపొగ అంటారు. మా శ్రీకాకుళం, విశాఖపట్నం వైపు రెక్కాడితేగాని డొక్కాడని ఆడవాళ్ళకి తరాల అలవాటు అది. గాలికి ఆరదు, చంకలో పిల్ల మీద నిప్పు రాలదు, నెత్తిన గంపతో నడుస్తున్నా కాలుతూనే ఉంటుంది. మా నాయనమ్మా అంతే కాల్చేది. మిల్లులో చుట్ట బీడీలకి వీల్లేదు కాబట్టి పొద్దున బయలుదేరే ముందొకటి, ఇంటికొచ్చాక ఒకటో రెండో. పున్నమ్మా, అమ్మన్నమ్మా అంతే. పక్కింటి బెంగాలీ పిల్లలు కళ్ళింతలు చేసుకుని చూసేవారు. మాకు మాత్రం అదొక వింతే కాదు. మగవాళ్ళ దవడన ఖైనీని కనిపెట్టిన మావ, పెళ్ళైన నాటి నుంచీ కళ్ళెదుట కాలుతున్న చుట్టని చూడనేలేదు. ఇంట్లో గోడని ఎవరు చూస్తారు?

ఇంకొకటి కూడా ఉంది. సాయంత్రం మగవాళ్ళు మాస్కులు విప్పి మావ బల్ల మీద గిరాటేసి పోయేవారు. అతను లోపలా బయటా చూసి, తుడిచి, మేకులకి తగిలించేవాడు. ఆడవాళ్ళు అలా ఇచ్చేవారు కాదు. తమ నోటి తడి తగిలిన మాస్కు పరాయి మగవాడి చేతికి ఎలా ఇస్తారు? ఎంగిలి కదా. కుళాయి దగ్గర శుభ్రంగా కడిగి, కొంగుతో ఒత్తి, తళతళలాడించి మరీ ఇచ్చేవారు. అత్తకి మొగుడే అయినా నలుగురిలో ఆ మర్యాద తప్పేది కాదు. మావకి ఆ మాస్కులు చూస్తే ముచ్చట వేసేది.

అత్తకి దగ్గు మొదలైంది. "సుట్ట దగ్గే," అని తీసిపారేసేది. ముసుగులో కూర్చున్నప్పుడు కటక్ దగ్గర ఒకసారి ఆగి ఊపిరి పీల్చుకోవడం మొదలుపెట్టింది. మావ చూపు గొంతు మీదే ఉంది, ఊపిరి మీద లేదు. ఆమె లోపలికి వెళ్తూనే ఉంది, సంచులు నింపుతూనే ఉంది.

ఆ ఏడు విశ్వకర్మ పూజనాడు మిల్లులో భోజనాలు పెట్టారు. ఆ రోజు కలకత్తా ఆకాశం నిండా గాలిపటాలు. దేవుడికి పళ్ళూ మిఠాయిలూ వేరే పెట్టారు. పనివాళ్ళకి బెంగాలీ మగవాళ్ళు కిచిడీ వండితే, మన ఆడవాళ్ళు పరమాన్నం మేం వండుతామన్నారు. అత్తా, పున్నమ్మా, అమ్మన్నమ్మా పెద్ద డేగిసా ఎక్కించారు. బెల్లం పున్నమ్మ వేసిందని అత్త అనుకుంది, అత్త వేసిందని పున్నమ్మ అనుకుంది. ముగ్గురు వండితే జరిగేది అదే. బెల్లం మూట గోడవారన అలాగే ఉండిపోయింది.

అంతవరకూ తప్పేం లేదు. కానీ దింపేముందు ముగ్గురూ గరిటెతో అరచేతిలో వేసుకుని రుచి చూశారు. నేను విస్తళ్ళు పట్టుకుని పక్కనే ఉన్నాను. "సరిపోనాది," అంది అత్త. పున్నమ్మ పెదవులు చప్పరించి తలూపింది. అమ్మన్నమ్మ ఇంకా కాస్త వేసుకుంది.

వడ్డించాక మొదటి వరసలో కూర్చున్న శ్యామ్‌దా ఒక ముద్ద నోట్లో పెట్టుకుని ముఖం వికారంగా పెట్టాడు. పక్కవాడు పెట్టుకున్నాడు. ఆ తరవాత వసారా మొత్తం పగలబడి నవ్వింది. "మిష్టి మల్లేశ్ ఇంట్లో మిష్టి లేదు!" అని ఎవడో అరిచాడు. అత్త కూడా బెల్లం మూట చూసి, నెత్తి కొట్టుకుని, అందరికన్నా ఎక్కువ నవ్వింది. నవ్వు దగ్గులోకి తిరిగి, కూర్చుండిపోయింది.

మావ నవ్వలేదు. విస్తరిలోంచి వేలితో పరమాన్నం తీసి నాలుక మీద పెట్టుకున్నాడు. తరవాత ఆ ముగ్గురి వైపూ చూశాడు. అన్నం వదిలేసి చెయ్యి కడుక్కున్నాడు.

మర్నాడు పొద్దున్న షెడ్డు గంట కొట్టకముందే అత్తని మాస్కు గదిలోకి పిలిచాడు. నా కిటికీకి ఎదురుగానే ఆ గది, నేను వెళ్ళి గుమ్మంలో నిలబడ్డాను.

"కూకో. ముసుగేసుకో."

"మాస్కేదీ?"

"మాస్కొద్దు."

"పిచ్చెక్కినాదేటి నీకు?" అంటూనే ఆమె ముసుగు వేసుకుంది. మావ పిచికారీ నొక్కాడు. చిక్కటి నీళ్ళు. ముసుగు లోపల మంచు కమ్మేసి ఆమె ముఖం మసకబారిపోయింది. ముసుగు అంచు నుంచి బయటికి వచ్చిన కాస్త మంచుకే నా పెదవులు తియ్యనయ్యాయి. నేను నాకుతుంటే మావ అడిగాడు.

"తీపి తగిలినాదేటి?"

"నేదు."

మళ్ళీ నొక్కాడు. ఇంకా నొక్కాడు.

"నేదంటే నేదు. అలాగ సూత్తావేటి?"

గొంతు కదల్లేదు. ఉత్త ముఖం, తెరిచిన నోరు, ఆ మంచులో ఆమె ఊపిరి పీలుస్తోంది, గొంతు కదల్లేదు. మావ పిచికారీ బల్ల మీద పెట్టేశాడు. ఏళ్ళ తరబడి అతను చూసింది మాస్కు పట్టిన గొంతుని కాదు, కాలిపోయిన నోటిని.

తరవాత ఆమెకి మాస్కు పెట్టి, వడపోత డబ్బాకి అరచెయ్యి అడ్డం పెట్టి గట్టిగా పీల్చమన్నాడు. మాస్కు సరిగ్గా పడితే పీల్చినప్పుడు ముఖానికి అతుక్కోవాలి. అతుక్కోలేదు. లొత్తలు పడిన బుగ్గల పక్కనుంచి గాలి బుస్సుమని లోపలికి పోయింది. మగవాళ్ళ ముఖాలకి చేసిన మాస్కు అది.

"ఒలే," అన్నాడు మావ మెల్లిగా, "నువ్వు రోజూ కడిగిచ్చీదానివి గదా, కడిగినప్పుడు లోపల తెల్లగా ఉండీదేటి?"

"ఉండీది. దుమ్ములో పనికి దుమ్మవదేటి? అందుకే గదా కడిగిచ్చీదాన్ని."

ఆమె ఎంతో మామూలుగా చెప్పింది. మావ స్టూలు మీద కూర్చున్నాడు. గవరయ్య పోయిననాడు కూడా అతని ముఖం అలా లేదు.

పున్నమ్మనీ, అమ్మన్నమ్మనీ, మిగతా తెలుగు ఆడవాళ్ళనీ ఒక్కొక్కరినే పిలిచి చూశాడు. అడ్డపొగ కాల్చే ఒక్కరికీ తీపి తగల్లేదు. ఒక్కరి మాస్కూ అతుక్కోలేదు. మావ మేనేజరు బాబు దగ్గరికి వెళ్ళి ఆడవాళ్ళ ముఖాలకి సరిపోయే చిన్న మాస్కులు తెప్పించమన్నాడు, అవి వచ్చేదాకా వీళ్ళని షెడ్డులోకి పంపనన్నాడు.

"పాసైనవాళ్ళని మళ్ళీ ఎందుకు పరీక్ష చేశావు?" అన్నాడు మేనేజరు బాబు. నిజంగా అర్థంకాకే అడిగాడు.

శ్యామ్‌దా వచ్చి ఆడవాళ్ళలో ఎవరైనా ఫిర్యాదు చేశారా అన్నాడు. ఎవరూ చెయ్యలేదు. చేసింది మల్లేశు ఒక్కడే, అదీ తన మీద తానే. మావ ఆడవాళ్ళ మాస్కులన్నీ ఒక గోతంలో వేసి, గదికి తాళం వేసి, గుమ్మంలో కూర్చున్నాడు. మాస్కు లేకుండా పంపితే కొనేవాళ్ళతో చిక్కు, అందుకని మేనేజరు వాళ్ళని వసారాకి మార్చాడు. చిన్న మాస్కులు మాత్రం రాలేదు, ఎప్పటికీ రాలేదు.

ఆ రోజు మిల్లు గేటు దగ్గర అత్త మొగుణ్ణి అడిగిన మాట నేను మరిచిపోలేను.

"నాను అబద్ధవాడినానేటి? నేదంటే నేదని సెప్పినాను. అబద్ధవాడినోల్లు లోపల, నిజం సెప్పినదాన్ని బయట కూకోవాలా? ఇదేటి నాయం?"

మావ గేటు దాటి ముందు నడిచాడు.

పున్నమ్మా అమ్మన్నమ్మా వసారాలో ఎన్నాళ్ళో ఉండలేదు. కాలువ అవతల ఇంకో రాతి మిల్లు ఉంది, అక్కడ పరీక్షలూ లేవు, మాస్కులే లేవు, కూలి ఎక్కువ. అక్కడికి పోయారు. పోతూ పోతూ మావని చూసి నేల మీద ఉమ్మి పోయారు. అత్త మాత్రం మిగిలింది. కోపం తగ్గాకా, తగ్గకముందూ కూడా ఆమె గోతాలు కుడుతూనే ఉంది. తరవాత కుట్టడానికి కూడా ఊపిరి చాలక ఇంట్లో ఉండిపోయింది. ఆసుపత్రిలో మళ్ళీ టీబీ అన్నారు. మావ టీబీ కాదు, రాతిదుమ్ము డాక్టరుబాబూ అంటే, డాక్టరువా నువ్వు అన్నారు. మాత్రలిచ్చారు.

మావ పని మానలేదు. మానెయ్యి మావా అని నేనే అన్నాను. "మానీసి ఏటి సెయ్యాల?" అన్నాడు. చిక్కటి నీళ్ళలో నీళ్ళు కలిపి పలచటి సీసా తనే తయారుచేసుకున్నాడు. అప్పటినుంచి ముందు ఉత్త ముఖానికి కొట్టి, గుటక పడ్డాకే మాస్కు పెట్టేవాడు. వరస ఇంకా నెమ్మదించింది, తిట్లు ఇంకా పెరిగాయి. మనిషి లోపల ఏదో అరిగిపోయింది. ముందున్న కోపం కూడా ఉంటే బాగుండునని నాకనిపించేది.

అత్త ఆ చలికాలం దాటలేదు. దాటకముందు ఒక బంద్ నాడు నేను వాట్‌గంజ్ వెళ్ళాను. ట్రాములు లేవు, దుకాణాలు మూసి ఉన్నాయి, సందులో పిల్లలు క్రికెట్ ఆడుతున్నారు. అత్త మంచం మీద గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. చుట్ట కాల్చడానికి ఊపిరి లేక అదీ మానేసింది. నన్ను చూసి, "ఎంకటేసూ, నానిప్పుడు కటక్ కూడా ఎల్లలేను, బాలాసోర్‌లోనే దిగిపోతన్నాను," అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

మావ స్టౌ దగ్గర కూర్చుని టీ కాచాడు. ఈమధ్య వంట అతనిదే. మూడు గ్లాసుల్లో పోసి, ముందు ఆమెకిచ్చి, తరవాత నాకిచ్చి, తనది పక్కన పెట్టుకున్నాడు. నేను ఒక గుక్క తాగాను. పంచదార లేదు. బంద్‌కి దుకాణాలు లేక తెచ్చి ఉండడు, లేదా డబ్బా ఖాళీ అయిన సంగతి చూసుకుని ఉండడు. చెబుదామని నోరు తెరిచాను.

అంతలో మావ ఆమెని అడిగాడు. ఏ పూట ఏం పెట్టినా అడిగేవాడట, ఎప్పటికైనా నాలుక తిరిగి వస్తుందేమోనని.

"తీపి తగిలినాదేటి?"

అత్త గ్లాసు దించి అతని వైపు చూసింది. ఇన్నేళ్ళూ ఆ ప్రశ్నకి ఆమె ఇచ్చిన జవాబు ఒక్కటే. నేను ఎన్నిసార్లు విన్నానో.

"తగిలినాది," అంది. "ఎక్కువేసినావు."

మావ ముఖం ఒక్కసారి విచ్చుకుంది. తన గ్లాసు తీసుకుని తాగాడు. గ్లాసు నోటి దగ్గరే ఆగిపోయింది. అలవాటు చొప్పున అతని చూపు ఆమె గొంతు మీదికి వెళ్ళింది, కాసేపు అక్కడే ఉంది. తరవాత గ్లాసు కింద పెట్టి, పైపంచెతో మూతి తుడుచుకున్నాడు.

"ఎక్కువైనాదేటి? సరే, రేపు తగ్గిత్తాన్లే," అన్నాడు.

నేను నా గ్లాసు అడుగుదాకా తాగేశాను.